ఐమూల కోత, వదులు కుట్టు

కంచరపాలెంలో టై అంటే రెండు రకాలు. పొద్దున్నే మెట్టు దగ్గర స్కూలు ఆటో కోసం నిలబడే పిల్లల మెడలో ఎలాస్టిక్‌తో వేలాడేది ఒకటి. దాని ముడి కుట్టినచోటే పడిపోయి ఉంటుంది. సాయంత్రానికి అది మెడలో కాక జేబులోనో, చెల్లెలి చేతిలోనో ఉంటుంది. రెండోది పెద్దవాళ్లది. రైల్లో టిక్కెట్లు చూసేవాళ్లు, మందుల కంపెనీ రిప్రజెంటేటివ్‌లు, ఓడ ఉద్యోగానికి ఇంటర్వ్యూకి వెళ్లే కుర్రాళ్లు, రిసెప్షను స్టేజీ మీద నిలబడే పెళ్లికొడుకులు కట్టేది. పాలిస్టరు, మెరుపు, మెడ కింద చెమట. నేవీ, పోర్టు, రైల్వే, స్టీలు ప్లాంటు అన్నీ ఉన్న ఊరు మాది. టై కట్టే మెడలకి కరువు లేదు. అయినా టై లోపల ఏముంటుందని ఎవరైనా అడగ్గా నేను వినలేదు. నాకూ ఈమధ్యే తెలిసింది. తెలిసిన దగ్గర్నుంచీ ఇంకో మాట మాట్లాడబుద్ధి కావడం లేదు. ఇంట్లోవాళ్లు విని విని లేచిపోతున్నారు. మీరు కూర్చోండి.

సరుకు ఓడల మీద పనిచేసి వచ్చిన మా మేనమామ పెట్టెలో ఒక పట్టు టై ఉంది. ముదురు నీలం మీద తెల్ల చుక్కలు, వెనకాల చీటీ మీద ఇటలీ పేరు. కుట్టు ఒకచోట ఊడితే బాగుచేయిద్దామని ఊర్వశి జంక్షన్ పక్క సందులో సూట్లు కుట్టే టైలరు దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన కళ్లజోడు పైకి తోసి, టైని బోర్లా తిప్పి, ఊడినచోట వేలు పెట్టి తెరిచాడు.

"ఏటి బాబూ ఇది, నోపల కంబళి ఎట్టేరు!"

నిజంగానే లోపల ఉన్ని గుడ్డ. తెల్లటి తెలుపు కాదు, కాస్త గరుకు. బయట అంత నున్నటి పట్టు, లోపల చలిదేశపు సరుకు. ఆ రెండింటినీ కలిపి ఉంచింది ఒకే ఒక దారం. వెడల్పు కొస నుంచి సన్న కొస దాకా టై వెన్ను పొడవునా ఒక్కటే దారం, నడుమ ఎక్కడా ముడి లేదు. పైగా అది బిగుతుగానూ లేదు. కొస దగ్గర చిన్న ఉచ్చులా కాస్త దారం మిగిల్చి వదిలేశారు. ఆయన ఆ ఉచ్చుని రెండు వేళ్లతో పట్టుకుని మెల్లగా లాగేసరికి, పావడా నాడా లాగినట్టు టై మొత్తం కుచ్చుళ్లు పడింది. అరచేత్తో రాస్తే మళ్లీ సాపుగా పడుకుంది. నేను గట్టిగానే అరిచాననుకుంటాను, పక్క కొట్టాయన తొంగిచూశాడు.

"ముప్పయ్యేళ్లు మేవు గట్టిగా కుట్టడవే నేర్సుకున్నాం. ఈడు కావాలనే వదిలీసేడు," అన్నాడు టైలరు. సగం మెచ్చుకోలు, సగం ఫిర్యాదు.

ఎందుకు వదిలేశాడో ఆలోచిస్తే ఎంత తెలివో అర్థమవుతుంది. చొక్కా భుజం కుట్టు కదలకూడదు, ప్యాంటు కుట్టు పిగలకూడదు. టై బతుకు వేరు. రోజూ దాన్ని మెలిపెట్టి ముడేస్తారు, గొంతుదాకా బిగిస్తారు, సాయంత్రం విసుగ్గా పీకేస్తారు. ఆ పీకుడుకి గుడ్డ సాగుతుంది. మిషను మీద బిగువు కుట్టు వేస్తే గుడ్డ సాగుతుంది కాని దారం సాగదు. ఏదో ఒకరోజు దారమైనా తెగాలి, పట్టైనా చిరగాలి. వదులు కుట్టైతే గుడ్డ దారం మీద అటూ ఇటూ జరిగి, విడిచాక తన చోటికి తను వస్తుంది. కొసన మిగిల్చిన ఉచ్చు కూడా అందుకే. గుడ్డకి అవసరం పడ్డప్పుడు అందులోంచి నాలుగు మిల్లీమీటర్లు తీసుకుంటుంది. రెండు మొనల దగ్గర మాత్రం, టై నోరు తెరవకుండా, అడ్డంగా కొన్ని గట్టి కుట్లు ఉంటాయి. ఇంకెక్కడా బిగింపు లేదు. మంచి టై ఖరీదులో పెద్ద భాగం ఈ బిగించకపోవడానికే పోతుందంటే నాకు భలేగా ఉంది.

రెండో ఆశ్చర్యం కోత. టైలరు టైని రెండు చేతుల్తో పట్టుకుని లాగితే, రబ్బరు లేకుండానే సాగింది. వదిలితే వెనక్కొచ్చింది. "క్రాసు కటింగు," అని తేల్చేశాడు. గుడ్డలో పడుగు నిలువు, పేక అడ్డం. ఆ రెండు దారుల్లో ఎటు లాగినా గుడ్డ లొంగదు. వాటి మధ్యన, 45 డిగ్రీల ఐమూలగా లాగితే లొంగుతుంది. అప్పుడు దారాలు సాగక్కర్లేదు మరి. నేతలోని చిన్నచిన్న చదరాలు ఒరిగితే సరిపోతుంది. మంచి టైకి పైన పట్టూ లోపలి ఉన్నీ రెండూ ఐమూలగానే కోస్తారు. ముడి జారకుండా కూర్చోవడం, రాత్రి విప్పి వేలాడదీస్తే తెల్లారేసరికి ముడతలు పోవడం, మెడ నుంచి తిన్నగా జారడం అన్నీ ఆ కోత వల్లే. గుడ్డ కలిసొస్తుందని కోణం కాస్త తప్పించి కోశారనుకోండి, టై గాల్లో మెల్లగా మెలి తిరుగుతుంది. ఈసారి కొట్లో టై కొనేముందు మెడ దగ్గర సన్నటి భాగం పట్టుకుని వేలాడదీసి చూడండి. తిరిగితే వదిలేయండి.

అసలు మతిపోయిన సంగతి ఇప్పుడు చెప్తాను. టై మీద చారలు ఎప్పుడు చూసినా ఏటవాలుగానే ఎందుకుంటాయి? ఎవరో అందానికి అలా గీశారనుకుంటాం. నేత చారలైతే ఎవరూ గీయలేదు! మగ్గం మీద చార తిన్నగానే పడుతుంది. గుడ్డని ఐమూలగా కోసేసరికి దానంతట అది వాలిపోతుంది. ఇంగ్లండు సైనిక దళాల టైల మీద చార కట్టుకున్నవాడి ఎడమ భుజం వైపు నుంచి కిందికి దిగుతుంది. అమెరికాలో బ్రూక్స్ బ్రదర్స్ అనే బట్టల కంపెనీ దాన్ని తిరగేసింది, అక్కడ కుడి భుజం నుంచి దిగుతుంది. కత్తెర ఏ వైపు నుంచి నడిచిందన్నదే తేడా. రెండు దేశాల పెద్దమనుషులు ఒకర్నొకరు గుర్తుపట్టడానికి ఆ మాత్రం సరిపోయింది.

ఐమూల కోతని టైకి స్థిరం చేసింది న్యూయార్కులో టైలు తయారుచేసే జెస్సీ లాంగ్స్‌డార్ఫ్. 1920ల్లో ఆయన పేటెంటు తీసుకున్నాడు. అంతకుముందు టైలు ముడి దగ్గర నలిగి, సాగి, కొన్నాళ్లకే ఆకారం పోగొట్టుకునేవి. కోతతో పాటు టైని మూడు ముక్కలుగా కోసి కలపడం కూడా ఆ పేటెంటు పుణ్యమే. దీని వెనక ఒక లెక్క ఉంది, కాగితం మీద వేసి చూశాను. మామూలు టై పొడవు 147 సెంటీమీటర్ల దాకా ఉంటుంది. అంత పట్టీని ఐమూలగా ఒకే తునకగా తీయాలంటే నిలువూ అడ్డమూ మీటరు పైబడి గుడ్డ కావాలి, కోశాక అటూ ఇటూ రెండు పెద్ద ముక్కోణాలు మిగిలిపోతాయి. అదే ముందుభాగం, మెడభాగం, తోక అని మూడుగా విడగొడితే ముక్కల్ని ఒకదాని పక్కన ఒకటి ఇరికించి కోసుకోవచ్చు. టెన్త్‌లో పైథాగరస్ సిద్ధాంతం చెప్పిన మాస్టారు ఒక్క టై చూపించి ఉంటే మా క్లాసులో ఇంకో నలుగురు పాసయ్యేవాళ్లు.

ఇంతా చెప్పి టైలరు టైని మడిచి నా చేతిలో పెట్టేశాడు. "ఇది నా సేతి పని కాదు బాబూ. నాది మిషను పని. ఫాలు కుట్టే పిన్ని కాడికెల్లండి."

సందు చివర ఇంట్లోనే చీరలకి ఫాలు, పీకో, జాకెట్లు చేసే ఆవిడని వీధి వీధంతా పిన్ని అనే పిలుస్తుంది. వెంకటేష్ మహా 2018లో తీసిన 'కేరాఫ్ కంచరపాలెం' చూసినవాళ్లకి ఇలాంటి వీధులు తెలిసే ఉంటాయి. గుమ్మంలో మిషను, దండెం మీద చీరలు, డబ్బా నిండా రంగురంగుల దారం ఉండలు. పిన్ని టై తిప్పి చూసి, నా ఉపన్యాసం సగంలోనే ఆపేసింది. "ఇందులో ఏటుంది? చీర ఫాలు కుట్టే కదా ఇది!"

అవును, అదే! చీరకి ఫాలు చేత్తో కుట్టడం ఎప్పుడైనా దగ్గరగా చూశారా? సూది చీర వైపు ఒకటి రెండు పోగుల్ని మాత్రమే తాకాలి, బయటికి కుట్టు కనపడకూడదు. దారం బిగిస్తే చీర అంచు ముడుచుకుపోతుంది కనుక వదులుగా పోనివ్వాలి. టై వెన్నుకుట్టుకీ అవే నియమాలు. సూది రెండు పట్టు అంచుల్నీ లోపలి ఉన్నినీ పట్టుకోవాలి, ముందువైపు పట్టుని తాకకూడదు, దారం గుంజకూడదు. ఇక ఐమూల కోతంటారా, జాకెట్టు మెడకి క్రాసు పీసు కోసి వేయడం రాని ఆడటైలరు మా వార్డు మొత్తంలో ఉండదు. క్రాస్ కటింగ్ జాకెట్టైతే ఒంటికి పట్టినట్టు కూర్చునేదే ఆ ఐమూల వల్ల. అంటే మగవాళ్ల దుస్తుల్లో అన్నిటికంటే దర్జాగా ఛాతీ మీద వేలాడే గుడ్డముక్క, లోపలికి చూస్తే, పూర్తిగా చీరా జాకెట్టు విద్య! సూటు టైలరుకి రాని పని ఫాలు కుట్టే ఆవిడకి వచ్చు. ఇటలీలో గొప్పగా చెప్పుకునే రెండు నైపుణ్యాలూ మా సందులో ఇంటికొకటి చొప్పున ఉన్నాయి. ఇది తట్టిన రోజు రాత్రి నాకు నిద్ర పట్టలేదంటే నమ్మండి.

పిన్ని దారాన్ని కొవ్వొత్తి మీద లాగి, నీలం పట్టుకి నీలమే ఎంచుకుని, కూర్చున్నచోటే ఊడిన మేర కుట్టేసింది. నేను ఉత్సాహంగా కొస పట్టుకుని బిగించబోతే చేతి మీద ఒక్కటేసింది. "నాగకు బాబూ. అది ఎంత తీసుకుంటే అంత ఇయ్యాల."

ఆ తర్వాత నేను దొరికిన టైలన్నీ తిరగేసి చూడడం మొదలుపెట్టాను. పెళ్లిళ్లలో తెలిసినవాళ్లు నన్ను చూసి టై లోపలికి దాచుకుంటున్నారు. వెనక్కి తిప్పితే చాలా సంగతులు బయటపడతాయి. మొనల వెనక వేసే అస్తరు టై పట్టుతోనే వేశారా, వేరే గుడ్డ అతికారా? కొందరు పనివాళ్లు అస్తరే వేయరు. మొన అంచుని వేళ్లతో చుట్టుకుంటూ కుట్టుకుపోతారు, పలచటి రుమాలు అంచులాంటి పని అది, చూస్తే చేతికి దణ్ణం పెట్టాలనిపిస్తుంది. లోపలి ఉన్ని ఎంత మందం? పట్టు పలచనైతే ఉన్ని మందంగా ఉండాలి, పట్టు బరువైతే ఉన్ని పలచనవ్వాలి. ఈ రెండిటి పొత్తు కుదరకపోతే ముడి పిడికిలంతైనా అవుతుంది, పీలగానైనా ఉంటుంది. ఏడు మడతల టై అని ఇంకో రకం ఉంది. దాని పాతకాలపు పద్ధతిలో లోపల ఉన్నే ఉండదు. ఒక వెడల్పాటి పట్టు ముక్కనే అటు నాలుగు ఇటు మూడు మడతలు మడిచి, ఆ మడతలతోనే బరువు తెప్పిస్తారు. మామూలు టైకి పట్టే పట్టుకి దాదాపు రెట్టింపు పడుతుంది. పిన్నికి చెప్తే, "కుచ్చుళ్లు పెట్టి పిన్నేసినట్టే," అని తన దారిన తను జాకెట్టుకి హుక్సులు కుట్టుకుంది.

మిషన్లు లేవని కాదు. జర్మనీ నుంచి వచ్చిన లిబా అనే యంత్రం టైని బోర్లించి ఒక్క ఊపులో వెన్నుకుట్టు వేసేస్తుంది, అదీ చేతికుట్టులా వదులుగానే. చైనాలో షెంగ్‌ఝౌ అనే ఊరు ఊరంతా టైల పరిశ్రమ. ప్రపంచంలో దుకాణాలకెళ్లే టైల్లో పెద్ద వాటా అక్కడిది. మన షాపుల్లో కనపడే చవక టైకి మాత్రం ఆ గొడవేమీ లేదు, జిగురు అంటించిన అస్తరు పెట్టి ఇస్త్రీతో నొక్కేస్తారు. నాలుగు ముళ్లకే నడుం విరుగుతుంది. అటు చేతిపని బతికున్న చోట్లున్నాయి. ఇటలీలో కోమో పట్టణం పట్టు నేతకీ అద్దకానికీ పేరు. ఇంగ్లండులో మాకిల్స్‌ఫీల్డ్‌ది కూడా పట్టు చరిత్రే. నేపుల్స్ రేవు పట్టణంలో ఇ. మరినెల్లా అనే కొట్టు 1914లో తెరిచారు. పట్టుమని పదిమంది పట్టని చిన్న కొట్టు. అధ్యక్షులూ రాజులూ కట్టే టైలు అందులోంచే వెళ్తాయి. సముద్రం ఒడ్డున రేవు, ఓడలు, ఇరుకు సందులు, చేతిపనివాళ్లు... వాళ్లకున్నవాటిలో మా ఊరికి లేనిదేమిటో మీరే చెప్పండి. సరే, పిజ్జా. అది కూడా ఇప్పుడు బీచి రోడ్డులో దొరుకుతోంది.

కొలిచి కుట్టించుకునే టై అంటే మొదట నాకు నవ్వొచ్చింది. మెడకి కొలతేమిటి? ఉంది. టై మొన ప్యాంటు నడుం పట్టీ దగ్గర ఆగాలి. బాగా పొడుగు మనిషికి రెడీమేడ్ టై నడుం పట్టీ పైనే ఆగిపోతుంది, పొట్టివాళ్లకి జిప్పు దాకా దిగిపోతుంది. కనుక ఎత్తు కావాలి. మెడ చుట్టుకొలత కావాలి, లావు మెడ పొడవుని మింగేస్తుంది. ఏ ముడి వేస్తావని కూడా అడగాలి. ఒక చుట్టుతో అయిపోయే సాదా ముడికంటే రెండు వైపులా చుట్టి వేసే విండ్సర్ ముడికి టై ఎక్కువ ఖర్చవుతుంది. కేంబ్రిడ్జిలో థామస్ ఫింక్, యోంగ్ మావో అనే ఇద్దరు భౌతిక శాస్త్రవేత్తలు మామూలు టైతో ఎన్ని ముళ్లు వేయవచ్చో లెక్కగట్టి, 85 అని తేల్చి, 1999లో ఆ వ్యాసాన్ని 'నేచర్' పత్రికలో అచ్చేయించారు. పని లేక కాదు, నిజమైన గణితంతోనే. వెడల్పు మరో ముచ్చట: ఎనిమిది సెంటీమీటర్లు, ఎనిమిదిన్నర, తొమ్మిది. కోటు కాలరు మడత వెడల్పుకి టై వెడల్పు జోడీ కుదరాలి, భుజాల విస్తారానికీ కుదరాలి. అర సెంటీమీటరు దగ్గర మనిషి వాలకమే మారిపోతుంది. అద్దం ముందు నిలబడి చూసే దాకా నేనూ నమ్మలేదు.

ఇప్పుడు పట్టు సంగతి. ఒక టైకి 110 పట్టుగూళ్లు కావాలని వర్తకంలో ఒక లెక్క చెబుతుంటారు. మంచి గూడు విప్పితే కిలోమీటరు దాకా పోగు వస్తుంది. రెండూ కలిపి చూసుకోండి: మా మేనమామ మెడలో వేలాడేది, చాపితే, కంచరపాలెం నుంచి శ్రీకాకుళం దాకా వెళ్లే పోగు! ఆ పోగు కోసం చైనాకో ఇటలీకో పోనక్కర్లేదు. పట్టు ఉత్పత్తిలో కర్ణాటక తర్వాత స్థానం ఆంధ్రప్రదేశ్‌దే. హిందూపురంలో గూళ్ల మార్కెట్టు ఉంది, ధర్మవరంలో మగ్గాలున్నాయి, ఇటు మనకి దగ్గర్లో ఉప్పాడ ఉంది.

అయితే చీర పట్టు టైకి అలాగే పనికిరాదు, ఇది పిన్నితో కూర్చుని గుడ్డలు నలిపి చూశాక తెలిసింది. ఉప్పాడ జాందానీ గాలికి లేచే నేత. ఒంటి మీద ఎంత అందమో ముడిలో అంత బలహీనం, లోపల మందపాటి ఉన్ని వేస్తే తప్ప నిలబడదు. ధర్మవరం పట్టుకి బరువుంది, రెండు రంగుల మెరుపూ ఉంది, ముడి పడితే ఒక వైపు ఒక రంగు, ఇంకో వైపు ఇంకో రంగు కనిపిస్తుంది. కాని జరీ వచ్చినచోట చిక్కు. లోహపు పోగు పట్టు వంగినట్టు వంగదు, ముడి దగ్గర గీరుతుంది, కోత అంచున పీచులు లేస్తుంది. అమ్మ పెళ్లిపట్టు చీర కొంగుతో టై కుట్టించుకోవాలని ఎవరికైనా ఉంటే, కొంగు వదిలేసి చీర ఒంటి గుడ్డలోంచి కోయించుకోండి. అది కూడా మడతల దగ్గర చిట్లి లేదని వెలుతురుకి పట్టి చూశాకే. ఏళ్ల తరబడి ఒకే మడతలో ఉన్న పట్టు అక్కడే తెగుతుంది.

నా మనసు పారేసుకున్నది మాత్రం పోచంపల్లి ఇక్కత్ మీద. ఆ నేతలో రంగు గుడ్డకి వేయరు, నేయక ముందే పోగులకి వేస్తారు. ఎక్కడ ఏ రంగు రావాలో లెక్కగట్టి, మిగతా చోట కట్లు కట్టి, రంగులో ముంచి, విప్పి, మళ్లీ కట్టి, మళ్లీ ముంచి. ఆ పోగుల్ని కట్టడానికి ముందు ఆసు పోయాలి. అర్ధచంద్రాకారంలో వరసగా ఉన్న మేకుల మధ్య చెయ్యి ముందుకీ వెనక్కీ ఆడించడం, ఒక్క చీరకి 9000 సార్లు. ఆ పని చేసి చేసి తల్లి లక్ష్మి భుజాలు పోతుంటే చూడలేక చింతకింది మల్లేశం ఏడేళ్లు తంటాలు పడి 1999లో లక్ష్మీ ఆసు యంత్రం చేశారు. 2017లో పద్మశ్రీ వచ్చింది, తర్వాత సినిమా కూడా వచ్చింది. ఆ యంత్రంలో దాచిన విద్య అంతా దారం బిగువు చెడకుండా చూడడమే. పోగు ఒక్కచోట వదులైతే డిజైను జారిపోతుంది. పడుగు బిగువు, పేక బిగువు, అచ్చు బిగువు. మగ్గం మీద అన్నీ బిగువే. అంత బిగించి నేసిన గుడ్డని తీసుకొచ్చి, ఐమూలగా తిప్పి కోసి, వదులుగా కుట్టి, ఇక ఊపిరి పీల్చుకో అంటున్నామన్నమాట. ఇక్కత్ గుడ్డ మీద 45 డిగ్రీల కోణంలో కాగితపు అచ్చు పెట్టి చూశాను. చదరాలు నిలువు వజ్రాలయ్యాయి, వజ్రాలు చదరాలయ్యాయి, అంచుల దగ్గర రంగు చెదిరే ఆ మసక మెరుపు ఏటవాలుగా పరిగెత్తింది. ఇటలీ చుక్కల టై పక్కన పెడితే ఇటలీది బడి యూనిఫారంలా కనిపించింది. పక్షపాతం ఉందంటారా? ఉంది.

ఇక్కత్ టై మనమే కుట్టిద్దామంటే, ఈ ఉక్కపోత ఊళ్లో టై ఎవడు కడతాడని టైలరు అడిగాడు. నిజమే, మే నెలలో మధ్యాహ్నం ఐటీఐ జంక్షన్‌లో టైతో నిలబడ్డవాణ్ని చూస్తే జాలేస్తుంది. కాని ఇప్పటికే కట్టేవాళ్లున్నారు, ఉక్కపోతలోనే కడుతున్నారు, అదీ చెమట పీల్చని పాలిస్టరు. పట్టుకి అలక కాస్త ఎక్కువ, అంతే. తడి పడితే మరక. కాబట్టి సాంబారు దగ్గర జాగ్రత్త. ఇస్త్రీ పెట్టె నేరుగా ఆనించకూడదు, ఆవిరి చూపిస్తే చాలు, లేకపోతే ఆ మెత్తటి అంచులు కాగితం మడతలైపోతాయి. సాయంత్రం ముడి విప్పాలి, వేసిన దారినే వెనక్కి. ఉచ్చుని వదులుచేసి తల మీంచి తీసి మేకుకి తగిలించేవాళ్లని చూస్తే ఇప్పుడు నాకు నిజంగా కోపం వస్తోంది. వానాకాలం మా ఊరి తేమకి బూజు పట్టకుండా చుట్టచుట్టి పొడిచోట పెట్టుకోవాలి. పట్టుచీరకి ఇంతకంటే ఎక్కువే చేస్తారు మన ఇళ్లలో.

వ్యాపారం సంగతి టైలరూ పిన్నీ నా కంటే బాగా మాట్లాడారు. టై ధరలో పట్టు ఒక భాగం, మంచి ఉన్ని అస్తరు ఒక భాగం, చేతిపని గంటలు ఒక భాగం. ఉన్ని ఈ చుట్టుపక్కల దొరికే సరుకు కాదు, పూర్ణా మార్కెట్ వైపు అడిగితే కోటు కాన్వాసు చూపిస్తున్నారు, అది బిరుసు. ప్రస్తుతానికి పాత ఉన్ని శాలువా ఐమూలగా కోసి చూద్దామని పిన్ని ఆలోచన. ఐమూల కోతలో మిగిలే ముక్కోణాలు పారేయక్కర్లేదు, జేబురుమాళ్లకీ జాకెట్టు చేతుల పట్టీలకీ పోతాయంది. అసలు చిక్కు గుడ్డది. చీరకంటే దట్టంగా, టై బరువుకి తగ్గట్టు ఇక్కత్ నేయించాలంటే మీటరు గుడ్డ కోసం ఎవరూ కొత్తగా పడుగు వేయరు. పడుగు వేశారంటే తాను నేయాల్సిందే. తాను తీసుకోవాలంటే ఒక్క మెడ చాలదు.

కాబట్టి మెడలు వెతుకుతున్నాను. నేను, మా మేనమామ, ఓడ మీద చేరబోతున్న ఆయన మనవడు, రిసెప్షను ఖర్చుల్లోంచి డబ్బు పక్కన పెట్టిన ఒక పెళ్లికొడుకు చేరాం. టైలరు కూడా ఒకటి చెప్పాడు, తనకి కాదట, కొట్టు అద్దంలో పెట్టడానికి. రంగు మీద ఇంకా గొడవ నడుస్తోంది. మనవడికి నలుపూ తెలుపూ కావాలి, పెళ్లికొడుక్కి ఎరుపు కావాలి, ఒకే పడుగు మీద రెండూ రావాలంటే పేక మార్చుకుంటూ నేయాలి. వెడల్పు ఎనిమిదిన్నర అని నేను, తొమ్మిదని మా మేనమామ. పిన్ని రేటు ఇంకా చెప్పలేదు. మొదటిది కుట్టి, ఎన్ని గంటలు పట్టిందో చూసుకుని అప్పుడు చెప్తానంది. ఫాలు రేటుకి మాత్రం కుట్టదట.